నా గడియారం పెట్టుకున్న చెయ్యి

పాట మొదలైంది. మొదలైందంటే మాటలేమీ లేవు. అమ్మ సినిమా పాట వద్దందని వీడియో తీసే తౌసిఫ్ మాటలన్నీ తీసేసి వాద్యాలు మాత్రం ఉంచాడు, అది సినిమా పాటేనని అమ్మకు తెలియలేదు గానీ హాల్లో ఉన్న కుర్రాళ్ళందరికీ తెలిసిపోయింది, తీసేసిన మాటలన్నీ వాళ్ళే గొంతెత్తి పూరిస్తున్నారు. స్టేజీకి ఎడమపక్క పెద్ద తెర మీద నేను గండికోట గోడ వెంబడి నడిచి వస్తున్నాను, గాలికి జుట్టు ఎగురుతోంది, చాలా తీరిక ఉన్నవాడిలా ఉన్నాను. ఇక్కడ కిందేమో అదే నేను, కొత్త సూటులో చెమటలు కారుతూ, కిరీటం లాంటి వీపున్న ఎర్ర కుర్చీ ముందు నిలబడి వచ్చినవాళ్ళందరికీ నవ్వుతున్నాను. పక్కన ప్రేమజ్యోతి. పొద్దున పదకొండుకు కడప చర్చిలో ఈమె నా భార్య అయింది, ఇప్పుడు సాయంత్రం ఏడు, అంటే మా సంసారం వయసు ఎనిమిది గంటలు. అయ్యగారు ప్రార్థన చేసి, బిర్యానీ తిని, కారెక్కి వెళ్ళాకే ఆ తెర వెలిగించాలని అమ్మ షరతు. ఆయన కారు గేటు దాటిన రెండో నిమిషంలో తౌసిఫ్ వెలిగించాడు.

జనం వరసలో వస్తూనే ఉన్నారు. మంగంపేట ముగ్గురాయి గనిలో నాతో పనిచేసేవాళ్ళు రెండు బస్సుల్లో దిగారు, ఒక్కొక్కరూ నా చెయ్యి నలిపి, ఫోటోకు నిలబడి, తెర వైపు చూసి, నీలో ఇంత కథ ఉండాదని ఒక్కనాడు కూడా చెప్పలేదేమప్పా అని వీపు చరుస్తున్నారు. నవ్వాలి. ఫోటో తీసేటప్పుడు నవ్వాలి, తీశాక కూడా నవ్వాలి, ఎందుకంటే వీడియో ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది. ఇదిగో, ఇప్పుడు వస్తుంది. కోట గోడ, వెనక లోతుగా పెన్న లోయ, ఒక చెయ్యి పక్కనుంచి వచ్చి జ్యోతి వేళ్ళు అందుకుంటుంది, మడిచిన నీలం చొక్కా, మణికట్టు మీద మా నాన్న గడియారం. జ్యోతి ఆ చేతి కింద ఒక చుట్టు తిరిగి, ఆగి, తలెత్తి చూస్తుంది. అంతే, చూస్తుంది. ఆ చూపుకు హాలంతా ఈలలు. మా గనిలో డ్రిల్లింగ్ చేసే బసవరాజు చేతిలో ప్లేటుతోనే ఎగిరాడు. పెళ్ళికి ముందే ఇంత ప్రేమ ఉంటే ఇంక పెళ్ళయ్యాక చెప్పేదేముందని ఎవరో పెద్దావిడ నా బుగ్గ గిల్లి పోయింది. గడియారం నాదే, చొక్కా నాదే. ఆ చెయ్యి మాత్రం నాది కాదు.

ఆ చెయ్యి నాగరాజ్ మాష్టరుది. కడపలో పెళ్ళి పాటలకు, స్కూలు వార్షికోత్సవాలకు స్టెప్పులు నేర్పిస్తాడు, నాకంటే రెండేళ్ళు చిన్నవాడే గానీ అందరూ మాష్టరనే అంటారు. మూడు వారాల కింద, ఎండ ముదరకముందే అయిపోవాలని తెల్లారేసరికి గండికోట చేరాం. నేనూ జ్యోతీ, మాకు కాపలాగా నా చెల్లెలు, కెమెరాతో తౌసిఫ్, చిన్న స్పీకరుతో మాష్టరు. ఒక గంట సేపు నాచేత ఆడించాలని చూశారు. ఆడలేకపోయాను. కుడికాలు పెట్టమంటే పెట్టాను, ఎడమ చెయ్యి తీయమంటే తీశాను, రెండూ ఒకేసారి అంటే లారీ రివర్సు చేస్తున్నవాడిలా మొహం పెట్టానట, చెల్లెలు ఇప్పటికీ చెప్పి నవ్వుతుంది. సారూ, కాళ్ళు తర్వాత, ముందు కళ్ళతో చూడండి, మీ ఇష్టమంతా కళ్ళలో తెప్పించండి అన్నాడు మాష్టరు. తెప్పించాను. తౌసిఫ్ కెమెరా దించేశాడు. పర్వాలేదన్నా, నడిచేవి నువ్వు చేయి, చేతులు, వీపు మాష్టరుతో తీసుకుంటా, సినిమాల్లో కూడా అంతేనన్నా అన్నాడు. నా చొక్కా విప్పించారు. గడియారం తీయించారు. బనీను మీద రాతిగోడ నీడలో కూర్చుని, నా చొక్కా వేసుకున్నవాడు నా కాబోయే భార్య చెయ్యి పట్టుకుంటుంటే చూశాను. నీడ కూడా పూర్తిగా దక్కలేదు, మాష్టరు చుట్టు తిరిగేసరికి నేను కనబడుతున్నానని, అన్నా, ఫ్రేంలోంచి కొంచెం పక్కకు రా అన్నా అని తౌసిఫ్ కేకేశాడు. పోయి ఎండలో నిలబడ్డాను.

సినిమాల్లో కూడా అంతే. మా ఇంట్లో సినిమా పాపం. టీవీ కొన్నది వార్తలకూ బైబిలు వాక్యానికీ. పద్నాలుగో ఏట మొదటిసారి కోడూరులో దొంగతనంగా సినిమాకు పోయాను, అమ్మకు బైబిలు క్విజ్ అని చెప్పి, ఆ అబద్ధానికి దేవుడు ఏం చేస్తాడో అని అరగంట వణికాను. అప్పుడు పాట వచ్చింది. వాళ్ళిద్దరూ బస్టాపులో ఒకర్నొకరు చూసుకున్నారు, అంతే, ఒక్క మాట లేదు, కన్ను మూసి తెరిచేలోగా మంచుకొండల మీద ఉన్నారు, వెనక యాభైమంది ఒకే రంగు గుడ్డల్లో ఆడుతున్నారు, పాట అయిపోయేసరికి వాళ్ళకు ప్రేమ కుదిరిపోయింది. పాట రాగానే మొగోళ్ళందరూ బీడీలకు బయటికి పోయారు. నేను లేవలేదు. తర్వాత ఎన్ని సినిమాలు చూసినా పాటకు నేను లేవలేదు. మాట్లాడటం చేతకానివాడికి అంత సౌకర్యం ఇంకేముంది. అడగక్కర్లేదు, అది కాదంటుందేమోనని నిద్ర మానుకోనక్కర్లేదు, చెయ్యి అందుకుంటే చాలు, తిప్పితే చాలు, ఆ అమ్మాయి తిరిగి ఆగి తలెత్తి చూస్తుంది, ఆ చూపులో జవాబంతా ఉంటుంది. నాకు తెలిసిన ప్రేమంతా అక్కడ నేర్చుకున్నదే. ఆ చూపు ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు, అందుకే గండికోటలో జ్యోతి అలా చూడగానే గుర్తుపట్టాను. చూసింది మాష్టరు వైపు.

సరే, నటన అనుకోవచ్చు. నేనూ అనుకున్నాను, ఎండలో నిలబడి పదిసార్లు అనుకున్నాను. కానీ తౌసిఫ్ చాలన్నాడు, అయిపోయిందన్నాడు, కెమెరాకు మూత కూడా పెట్టాడు. అప్పుడు జ్యోతే అంది, మాష్టరూ, ఇంగోసారి చేద్దామా అని. ఇంకోసారి చేశారు. మళ్ళీ అడిగింది. మళ్ళీ చేశారు. నుదుటి మీద చెమట, చెంపకు అంటుకున్న జుట్టు, చెప్పులు ఎప్పుడో విప్పేసింది, ఆ కాలే రాళ్ళ మీద ఉత్తకాళ్ళతో. నాతో ఆ పొద్దున అది మాట్లాడింది మూడు మాటలు. టిఫిన్ తిన్నారా అని రెండుసార్లు, ఎండగా ఉండాది అని ఒకసారి. ఇంకోసారి, ఇంకోసారి. మూడు వారాలుగా ఆ మాట నా చెవిలో దోమలా తిరుగుతోంది. డ్యూటీలో తిరుగుతోంది, అన్నం ముందు తిరుగుతోంది, పొద్దున అయ్యగారు ప్రమాణాలు చెప్పిస్తుంటే కూడా తిరిగింది.

మూడు ఆదివారాలు చర్చిలో మా పెళ్ళి ప్రకటన చదివారు. ఫలానా అరుణ్ కుమార్‌కు ఫలానా ప్రేమజ్యోతికి వివాహం జరగబోతోంది, ఎవరికైనా అభ్యంతరముంటే తెలియజేయవలెను. చదివి, అయ్యగారు కళ్ళజోడు మీదుగా ఒక్క క్షణం ఆగుతారు. చిన్నప్పటి నుంచీ ఆ క్షణం నాకు సరదా, ఎవరైనా లేస్తారేమోనని వెనక్కి తిరిగి చూసేవాణ్ణి, ఎవరూ ఎప్పుడూ లేవలేదు. మొదటి ఆదివారం నా పేరు విని మురిశాను. రెండో ఆదివారానికి గండికోట అయిపోయింది. మూడో ఆదివారం అయ్యగారు ఆగిన ఆ క్షణంలో అనుకున్నాను, పెళ్ళికొడుకే లేచి నిలబడితే ఏమవుతుందా అని. ఏం చెప్పాలి లేచి? అయ్యా, పిల్ల డ్యాన్సు మాష్టరును చూసింది అనా? ముందు అసలు డ్యాన్సేమిటి అని అడుగుతారు. లేవలేదు. పాట పుస్తకం తెరిచి అందరితో పాటు పాడాను.

పాట రెండోసారి మొదలైంది. తౌసిఫ్ దాన్ని తిప్పి తిప్పి వేస్తున్నాడు, అందులో తప్పేం లేదు, మంచిగా కుదిరిందని వాడికి గర్వం. జ్యోతి వాళ్ళ నాన్న గాబ్రియేలు మామ కింద చేతులు కట్టుకుని తెర చూస్తున్నాడు. బద్వేలు దగ్గర మూడెకరాల చేను, ఎప్పుడు వర్షం పడినా తన తప్పేమోనన్నట్టు నిలబడే మనిషి, కూతురిని అంత పెద్దగా తెర మీద చూసి నోరు కొద్దిగా తెరుచుకుంది. ముందు వరసలో అమ్మ. స్త్రీల సమాజానికి పన్నెండేళ్ళుగా అధ్యక్షురాలు రత్నమణమ్మ, తెల్ల జరీ చీర, వీపు ఎప్పుడూ కుర్చీకి ఆననివ్వదు. మళ్ళీ అదే గోడ, అదే చెయ్యి, జ్యోతి చుట్టు తిరిగింది, ఆ తిప్పడంలో గడియారం కాస్త పైకి జారింది, కింద ఎర్రగా ఏదో. దారం. మాష్టరు మణికట్టుకు గుడిలో కట్టించుకున్న ఎర్రదారం ఉంది, గడియారం కింద దాచాడు, చుట్టు తిప్పేటప్పుడు అది బయటపడింది. అర సెకను. తౌసిఫ్ చూడలేదు, చూసినా వాడికి అందులో విశేషం కనిపించి ఉండదు. కానీ ఈ హాల్లో సగం మంది మా సంఘంవాళ్ళు, మా కుర్రాడి మణికట్టుకు దారం ఉండదని తెలిసినవాళ్ళు. అందరికంటే బాగా తెలిసింది అమ్మకు. అమ్మ అప్పుడు అదృష్టవశాత్తూ ఎవరికో నీళ్ళ సీసా అందిస్తోంది.

అమ్మ కన్ను పడితే తప్పించుకోవడం కష్టం. ఆ కన్ను తనను కూడా వదలదు. చర్చిలో కోరస్ పాడేటప్పుడు తబలాకు అమ్మ కుడి మడమ దానంతటది లేస్తుంది, లేచి తాళం వేస్తుంది, రెండు దెబ్బలు వేశాక అమ్మకు తెలిసిపోతుంది, వెంటనే బరువంతా ఆ కాలు మీద వేసి నిలబడుతుంది, ఇంక ఆ మడమ లేవదు. చిన్నప్పుడు నేను బెంచీ కిందికి వంగి ఆ మడమనే చూస్తూ కూర్చునేవాణ్ణి, ఎప్పుడు లేస్తుందా, ఎప్పుడు తొక్కేస్తుందా అని. అమ్మ కన్నెపిల్లగా ఉన్నప్పుడు కోలాటం ఆడేదని అమ్మమ్మ ఒకసారి నోరు జారింది. అడిగితే, ఎవురు చెప్పినారు నీకు, పోయి చదువుకో అంది అమ్మ. మళ్ళీ అడగలేదు. మా ఇంట్లో ఏదీ రెండోసారి అడగరు.

అసలు జ్యోతిని నేను మొదట చూసింది వెనకనుంచి. పోయిన క్రిస్మస్‌కు బద్వేలు చర్చిలో కార్యక్రమం ఉంటే, పిల్లను చూసినట్టూ ఉంటుంది, చూడనట్టూ ఉంటుందని అమ్మ నన్ను వెంటబెట్టుకుని పోయింది. వేదిక మీద చిన్న పిల్లలు యాక్షన్ సాంగ్ చేస్తున్నారు. వాళ్ళ ముందు, మాకు వీపు పెట్టి, నేల మీద గొంతుకూర్చుని ఒకమ్మాయి ఉంది, పిల్లలు మర్చిపోకుండా వాళ్ళు చేయాల్సినవన్నీ తను చేసి చూపిస్తోంది. పక్షి అంటే భుజాలు, చేప అంటే మణికట్లు, వాన అంటే పది వేళ్ళు. ఆమె ఎవరికీ కనిపించకూడదని అలా కూర్చుంది, నేను పిల్లల్ని ఒక్కసారి కూడా చూడలేదు. ఆ వీపూ ఆ చేతులూ చూస్తుంటే నా లోపల ఏదో తేలికైంది, ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేం లేదు, ఆ క్షణమే నాకు ఆమె కావాలనిపించింది. తిరుగు బస్సులో పిల్ల ఎట్లుండాది అని అమ్మ అడిగితే శానా బాగుండాది అన్నాను. అప్పటికి మొహం సరిగ్గా చూడనేలేదు. ప్రధానం రోజు పెద్దలందరూ చాపల మీద కూర్చున్నాక అమ్మ గొంతు సవరించుకుని, టీచరు ఉద్యోగం చేసుకోనీ, మాకేం అభ్యంతరం లేదు గానీ ఈ ఎగిరేదీ దూకేదీ పెళ్ళికి ముందుతోనే సరి, ఇంటి కోడలు పదిమందిలో చేతులు తిప్పితే మాకు బాగుండదు అంది. గాబ్రియేలు మామ కూతురి వైపు చూశాడు. కూతురు చాప వైపు చూసింది. సరేనండి అన్నాడాయన. నేను అక్కడే ఉన్నాను, ఉంగరం డబ్బా చేతిలో పెట్టుకుని. నేను ఏమీ అనలేదు. అనాలని కూడా నాకు తోచలేదు, సినిమాల్లో కూడా పెళ్ళి కుదిరేదాకే కదా ఆ ఆటంతా, కుదిరాక ఇంక దాంతో పనేముందని లోపలెక్కడో అనుకుని ఉంటాను.

ఇప్పుడు అడక్కపోతే ఇంకెప్పుడూ అడగను. మా ఇంటి పద్ధతి నాకు తెలుసు, ఈ ఒక్కమాట గొంతులో పెట్టుకుని ముప్పై ఏళ్ళు కాపురం చేస్తాను, దాని టీలో చక్కెర ఎక్కువైందని అరుస్తాను, అది ఎందుకు అరుస్తున్నానో తెలియక బిక్కచచ్చిపోతుంది. ఒక కుటుంబం ఫోటో దిగి పోయింది, ఇంకో కుటుంబం మెట్లెక్కుతోంది. పెదాల మీది నవ్వు చెదరకుండా, ముందుకే చూస్తూ అడిగాను.

“ఆ గోడ కాడ మాష్టరు చెయ్యి పట్టుకున్యాడే, అప్పుడు ఎవురిని చూస్తాంటివి నువ్వు?”

జ్యోతి కూడా ముందుకే చూస్తోంది. ఎక్కుతున్న కుటుంబం వచ్చింది, వాక్యం చెక్కిన గోడ గడియారం ఇచ్చింది, నలుగురూ నిలబడ్డారు, తౌసిఫ్ తమ్ముడు చేతులూపి దగ్గరికి దగ్గరికి అన్నాడు, ఫోటో అయింది, వాళ్ళు దిగిపోయారు. నా వీపు మీద చెమట ఒక గీతలా జారింది.

“ఎవురినీ చూడలే,” అంది. “ఆడేటప్పుడు నా మొగం అట్లే ఉంటాదంట. ఒకటో తరగతి పిల్లోల్లకు నేర్పించేటప్పుడు కూడా అట్లే ఉంటాదని మా స్కూల్లో నగుతారు.”

“మరి ఇంగోసారి, ఇంగోసారి అని అడిగితివి గదా.”

“అదే ఆఖరు అనుకున్యా,” అంది. “మీ అమ్మ చెప్పినారు గదా. ఇంగ మళ్ళా ఉండదు గదా అని అడిగినా.”

గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది. తెర మీద ఆమె మొహం మళ్ళీ వచ్చింది, ఇంటి గోడంత మొహం, తలెత్తి చూస్తోంది, నేను ఆ కళ్ళ వెంబడి పోయి చూశాను, నిజమే, మాష్టరు తల తెర మీద లేకపోయినా అది ఎంత ఎత్తులో ఉంటుందో నాకు తెలుసు, ఆమె కళ్ళు దాని మీదుగా పోతున్నాయి. అక్కడ ఎవరూ లేరు. మూడు వారాలుగా నాకు శత్రువు ఉన్నాడు, వాడికో పేరుంది, వాడి స్టెప్పులు, వాడి నున్నటి జుట్టు, వాడి దారం, అన్నిటినీ ద్వేషించుకుంటూ హాయిగా ఉన్నాను. ఇప్పుడు వాడు లేడు. నేను కూడా లేను. నేనంటే ఇష్టమా కాదా అన్న ప్రశ్నే ఆ మొహంలో లేదు. ఎవరికి చెప్పుకోవాలి ఇది, భార్య ఎవరినో చూసిందంటే ఓదార్చేవాళ్ళుంటారు, ఎవరినీ చూడలేదంటే ఏమని ఓదారుస్తారు. ఆ మొహాన్ని చూసి నేను ఆశపడ్డాను, ఈ హాలంతా ఈలలేస్తోంది, పెద్దావిడలు బుగ్గలు గిల్లుతున్నారు, ఆ మొహం ఇంక రాకుండా కట్టుదిట్టం చేసింది మేమే, మా చాపల మీద, మా మర్యాదతో. అందులో నా వంతు నోరు మూసుకుని కూర్చోవడం. అది మూడెకరాల రైతు కూతురు, నాకు తెలిసి అంతకుముందు ఎవరినీ దేనికీ ఇంకోసారి అని అడిగి ఉండదు. ఆ గండికోట రాళ్ళ మీద అడిగింది, నేను దాన్ని దొంగను చూసినట్టు చూశాను. సిగ్గేసింది నాకు. ఆ సిగ్గుతో పాటు, ఎంత ఆపుకున్నా, నన్నయితే చూడలేదు గదా అన్న ఏడుపు కూడా అలాగే ఉంది.

మూడోసారి. ఈసారి అమ్మ చేతిలో నీళ్ళ సీసాలు లేవు. కళ్ళజోడు పెట్టుకుంది, కొడుకును తీరిగ్గా చూసుకుందామని. నేను తెర చూడటం మానేసి అమ్మను చూస్తున్నాను. నడక, మెట్లు, లోయ, వాద్యాల మలుపు, ఇప్పుడు గోడ, ఇప్పుడు చెయ్యి. అమ్మ తల కొద్దిగా ముందుకు వచ్చింది. ఆ తర్వాత చాలా నెమ్మదిగా తెర మీంచి తిరిగి నా ఎడమ చేతి వైపు చూసింది, అంత దూరం నుంచి. పక్కనున్న నా చెల్లెలితో ఏదో అంది. చెల్లెలు తల దించుకుంది. పాట అయిపోయింది, తెర నల్లబడింది, యాంకరమ్మాయి మైకు తీసుకుని ఇప్పుడు పెళ్ళికూతురి విద్యార్థినులు టీచరమ్మ కోసం ఒక యాక్షన్ సాంగ్ చేస్తారని చెప్పింది.

బద్వేలు నుంచి వ్యానులో వచ్చిన ఒకటో తరగతి ఆడపిల్లలు, పన్నెండు మంది, పసుపు గౌన్లు, స్టేజీ కింద ఖాళీలో వరసగా నిలబడ్డారు. జనం కుర్చీలు జరుపుకున్నారు, పైన మేమిద్దరమూ కూర్చున్నాం. పాట మొదలైంది, ఇది మా సంఘంలో అందరికీ తెలిసిన పిల్లల పాట, దీన్ని ఎవరూ తప్పు పట్టరు. పక్షి బాగానే ఎగిరింది. చేప దగ్గరికి వచ్చేసరికి సగం మంది ఆగిపోయారు, ఇంత జనం, ఇన్ని లైట్లు, ఒకత్తి గౌను నోట్లో పెట్టుకుంది. ఆగిపోయి, అలవాటు కొద్దీ ముందుకు చూశారు, టీచరు గొంతుకూర్చునే చోటుకు. అక్కడ ఎవరూ లేరు. పన్నెండు మంది తలలెత్తి స్టేజీ మీద కుర్చీ వైపు చూశారు. నా పక్కన పూలదండ కదిలింది. నేను వంగి చూశాను. ఒళ్ళో, ఆ బరువైన గులాబీల దండ కింద, ఎవరికీ కనబడకుండా జ్యోతి మణికట్లు చేప ఈదుతున్నాయి. కిందున్న పిల్లలకు అది కనబడదు, ఆమెకూ తెలుసు కనబడదని. చేతులు ఆగడం లేదంతే. మొహం మాత్రం ఫోటోకు నవ్వినట్టే నవ్వుతోంది.

నేను ఆమె మెడలోంచి దండ తీశాను. జడపిన్నుకు చిక్కుకుంది, విడదీశాను. ఏంది, అన్నట్టు చూసింది నన్ను. ఆ సాయంత్రం మొదటిసారి నా మొహంలోకి చూసింది, అది ఆ చూపు కాదు, భయం.

“పిల్లోల్లు ఆగిపోయినారు,” అన్నాను. “పో.”

“అత్తమ్మ ముందర కూసున్యారు.”

“నేను ఉండా గదా. పో.”

చెప్పులు విప్పేసింది. చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో ఎత్తి పట్టుకుని రెండో పక్క మెట్లు దిగింది, పసుపు గౌన్ల ముందుకు పోయి, పెళ్ళికూతురు, అంత జరీతో, జనానికి వీపు పెట్టి గొంతుకూర్చుంది. చేతులెత్తింది. పిల్లల మొహాలు విచ్చుకున్నాయి. కెమెరా ఎత్తి పరిగెత్తుతూ తౌసిఫ్ నన్ను చూసి, అన్నా, నువ్వు కూడా రా అన్నా, ఫ్రేంలోకి రా అని సైగ చేశాడు. వద్దులే, ఆయమ్మనే తీయి అన్నాను. ఎందుకంటే అమ్మ లేచింది.

గనిలో చేరిన కొత్తలో నా పని ఎర్రజెండా పట్టుకోవడం. రాయి పేల్చే ముందు సైరన్ కొడతారు, జెండావాడు పోయి దారికి అడ్డంగా నిలబడాలి, టిప్పరొచ్చినా మేనేజరు కారొచ్చినా వదలకూడదు. జెండావాడు పేలుడు వైపు చూడకూడదు, దారి వైపే చూడాలి. నాలుగేళ్ళు పట్టుకున్నాను ఆ జెండా. వెనక నేల కదిలేది, పొగ నా మీదుగా పోయేది, ఎదుటివాళ్ళ మొహాల్లోనే చూసేవాణ్ణి ఏం జరిగిందో. దండ చేతిలో పట్టుకునే మెట్లు దిగాను, పిల్లలకూ ముందు వరసకూ మధ్య సందులో నిలబడ్డాను. అమ్మ నా ఎదురుగా వచ్చి ఆగింది.

“ఆ చెయ్యి నీది కాదు,” అంది, నెమ్మదిగా, పక్కవాళ్ళకు వినబడకుండా.

“కాదుమా. మాష్టరుది. నాకు రాకపోతే ఆయప్ప చేసినాడు.”

“దాని సంగతి ఇంటికి పోయినాక చూద్దాం. ఇదేంది? ప్రధానం దినం పెద్దోల్ల ముందర ఏం మాట్లాడుకున్యాం మనం?”

“మాట్లాడింది నువ్వు. నేను ఊరికే కూసోనుంటి. అది నా తప్పు.”

అమ్మ కళ్ళు కొద్దిగా చిన్నవయ్యాయి. ముప్పై ఒక్కేళ్ళలో నేను ఆమెకు ఎదురు చెప్పింది లేదు, ఎలా చెప్పాలో కూడా తెలియదు, గొంతు నాకే వింతగా ఉంది. వెనక పిల్లలు గట్టిగా పాడుతున్నారు, హాలంతా చప్పట్లు తాళం పట్టుకుంది, బసవరాజు ఈల వేశాడు. జ్యోతి లేచి నిలబడి ఉంటుంది ఇప్పుడు, వాన వచ్చే చోట లేవాలి, నాకు ఆ పాట తెలుసు. తిరిగి కూడా ఉంటుంది. ఆ మొహం ఇప్పుడు నాకు పదడుగుల దూరంలో ఉంది, ఆ మూడు వారాల మొహం, తెర మీద కాదు, నిజంగా. తిరిగి చూస్తే కనబడుతుంది.

“జరుగు పక్కకు,” అంది అమ్మ.

“పాట అయ్యేదాక ఉండుమా.”

నేను జరగలేదు. వెనక్కి తిరిగీ చూడలేదు. ఇంటికి పోయాక ఏమవుతుందో, రేపు ఆ ఇంట్లో జ్యోతి ఎలా ఉండగలదో, ఇలా ఎన్నిసార్లు నిలబడగలనో నాకు తెలియదు. అమ్మ నా భుజం మీదుగా చూస్తోంది. చాలాసేపు చూసింది. ఆమె మొహంలో ఏముందో పోల్చుకోలేక నేను తల దించాను. తెల్ల జరీ అంచు కింద అమ్మ ఎడమకాలు నేల మీద ఊరికే ఆని ఉంది, చర్చిలో లాగే బరువంతా కుడికాలి మీద వేసి నిలబడింది.